మడతలో పెట్టిన మాట

నేను ఇన్నేళ్లుగా ఒక వెబ్ పేజీని మోస్తున్నాను. మీకు నవ్వొస్తుందేమో. ఫోన్ తెర మీద వేలితో నాలుగుసార్లు తోస్తే అయిపోయే పేజీ అది. దానికి బరువేమిటి? కానీ అన్నానికి కూర్చుంటే అది గుర్తొస్తుంది. చీనీకాయల బండి కనిపిస్తే రోడ్డుకు అవతలి పక్కకు పోతాను. బత్తాయిలనే మా వైపు చీనీకాయలంటారు, కడపలో ఆ బండి లేని వీధి ఎక్కడుంది? అందుకని తల వంచుకుని నడవడం అలవాటైపోయింది. నా మెడనొప్పికి కంప్యూటరే కారణమని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. అనుకోనీ అని ఊరుకున్నాను.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు పెగలడం లేదు. మా చిన్నాన్న ముందైతే ఒకటి రెండుసార్లు మాట గొంతు దాకా వచ్చింది. వచ్చి, ‘కాఫీ తాగుతావా చిన్నాన్నా’ అయిపోయింది.

నా పని వెబ్‌సైట్లు కట్టడం. కడపలో రెండు గదుల ఆఫీసు ఉంది నాకు. బట్టల దుకాణాలు, ఫంక్షన్ హాళ్లు, పళ్ల డాక్టర్లు, అందరూ వస్తారు. సైటు కట్టడం కంటే, జనం వెతికినప్పుడు అది సెర్చ్‌లో పైకి వచ్చేలా చూడటమే నా అసలు విద్య. పేరు కిందెక్కడో ఉంటే లేనట్టే. మొదట్లో ఉండాలి. ఆ పని నేను బాగా చేస్తానని ఊళ్లో పేరుంది. ఆ పేరు తెచ్చిపెట్టింది కూడా ఈ పేజీయే. ఒప్పుకోవడం ఇంత కష్టంగా ఉండటానికి అదొక కారణం.

రాజంపేట వైపు నర్సరీ పెట్టుకున్న ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. చీనీ మొక్కలు అమ్ముతాడు. అప్పటిదాకా రైతులు నర్సరీకే వచ్చి, చూసి, బేరమాడి, బండికెత్తుకుని పోయేవాళ్లు. ఇకమీద ఫోన్‌లో చూసి అడిగినవాళ్లకు తనే వ్యాన్‌లో పంపిద్దామని ఆయన ఆలోచన. అన్నీ నోటితో చెప్పాడు, నేను టైపు చేసుకున్నాను. చివర్లో, నేను లేవబోతుంటే, కూర్చోమన్నట్టు చేయి చూపించాడు.

“ఉప్పునీళ్ల బోర్లుండే వాళ్లకు, చౌడు నేలలకు ఈ మొక్క ఆగదు మ్మా. ఆ మాట మర్చిపోకుండా రాయల్ల. నా కాడికొచ్చినోళ్లకు నోటితో చెప్తాండా. దీంట్లో చూసి కొనేవాళ్లకు ఎవరు చెప్తారు?”

సంగతి ఇది. చీనీ మొక్కను విత్తనం నాటి పెంచరు. ఏదో ఒక నిమ్మజాతి వేరు మొక్క మీద చీనీ మొగ్గను అంటు కడతారు. పైన కాసేది చీనీయే అయినా, నేలలో బతకాల్సింది ఆ నిమ్మ వేరు. జంబీరి వేరు మీద కట్టిన మొక్కలు తొందరగా ఎదుగుతాయి, గుబురుగా ఉంటాయి, చూడగానే ఎత్తుకుపోదామనిపిస్తుంది. ఉప్పు నీళ్లు మాత్రం వాటికి పడవు. రంగపూర్ నిమ్మ వేరు మీద కట్టినవైతే ఉప్పును కొంత ఓర్చుకుంటాయి. ఆయన దగ్గరున్నవన్నీ జంబీరివే. ఆయనేమీ దాచలేదు. దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. ఆయన ఏదీ దాచలేదు.

పేజీ తయారుచేశాను. పైన పచ్చటి తోట ఫోటో. కింద పెద్ద అక్షరాల్లో ‘రాయలసీమ ఎండలకు తట్టుకునే చీనీ మొక్కలు’. ఆ తర్వాత ఎదుగుదల, కాపు, మొక్కలు పంపే విధానం. ఆయన చెప్పిన హెచ్చరికను వాటి మధ్య పెట్టి చూస్తే పెళ్లిచూపుల్లో కూర్చుని రోగాల చిట్టా చదివినట్టు ఉంది. తీసేయడానికి మనసు ఒప్పలేదు. ఉంచడానికి కన్ను ఒప్పలేదు. అప్పుడు మడిచాను. మీరూ చూసే ఉంటారు అలాంటివి. ‘మరిన్ని వివరాలు’ అని చిన్న అక్షరాల్లో ఒక వరుస ఉంటుంది, పక్కన కిందికి చూసే బాణం గుర్తు ఉంటుంది. నొక్కితే లోపలి రాత తెరుచుకుంటుంది. మళ్లీ నొక్కితే మూసుకుంటుంది. ఆ మడతలో ఆయన చెప్పినదంతా పెట్టాను. ఉప్పునీళ్ల బోరు, చౌడు నేల, ఆకుల అంచులు మాడటం, కొమ్మలు ఎండటం, అన్నీ ఉన్నాయి. ఒక్క ముక్క వదల్లేదు. ఆ పేజీలో అబద్ధం లేదు. ఈ వాక్యాన్ని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో మీకు చెప్పలేను. ఇప్పుడు కూడా చూడండి, మీకు చెబుతున్నట్టు నటిస్తూ నాకే చెప్పుకుంటున్నాను.

పెద్దాయన ఫోన్ కంటికి దగ్గరగా పెట్టుకుని పేజీ చూశాడు. ఆ మాట యాడుండాదని అడిగాడు. నొక్కి తెరిచి చూపించాను. నిదానంగా చదివాడు, తల ఊపాడు, మళ్లీ అనుమానం వచ్చింది.

“అందరూ నొక్కుతారా మ్మా?”

నొక్కుతారని చెప్పాను. నొక్కరని నాకు తెలుసు. నేను బతికేదే ఆ తెలివి మీద. ఏది నొక్కుతారో, ఏది నొక్కరో తెలుసుకోవడమే కదా నా పని. ఆయన నన్ను నమ్మి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

అది ఒట్టి సోకు కోసం చేసిన తప్పు అని మీరు సరిపెట్టుకోబోతున్నారేమో. ఆగండి. అందులో ఇంకొకటి ఉంది.

మా వృత్తిలో అప్పట్లో ఒక వాదన నడుస్తుండేది. ఇలా మడిచిపెట్టిన రాతను సెర్చ్ ఇంజిన్ లెక్కలోకి తీసుకుంటుందా, తీసుకోదా? కంటికి కనబడని రాతకు అది తక్కువ విలువ ఇస్తుందని, ముఖ్యమైన మాటలు మడతలో పెట్టొద్దని పాతవాళ్లు అనేవాళ్లు. ఫోన్‌లో చూసేవాళ్లు ఎక్కువయ్యాక ఆ పద్ధతి మారిందని, చిన్న తెర మీద మడతలు మామూలే కాబట్టి లోపలి రాతకూ పూర్తి విలువ ఉంటుందని కొత్తవాళ్లు అనేవాళ్లు. ఒక్కటి మాత్రం అందరికీ తెలుసు. సెర్చ్ ఇంజిన్ తరఫున పేజీలు చదవడానికి వచ్చే యంత్రం మనలాగా బాణం గుర్తులు నొక్కదు. పేజీతో పాటే రాత కూడా వచ్చేసి ఉంటే, అది మూసి ఉన్నా చదువుకుంటుంది. నొక్కిన తర్వాతే ఎక్కడినుంచో తెచ్చి చూపించే రాత అయితే దానికి కనబడదు. నేను పేజీతో పాటే వచ్చేలా పెట్టాను. మడతలోని మాటలను ఎవరైనా వెతికితే నా పేజీ వస్తుందా? చూడాలనిపించింది. ఎవరి తోట మీద ఈ పరీక్ష పెడుతున్నానో అప్పుడు తట్టలేదు. నిజంగా తట్టలేదా? ఏమో. తట్టలేదనే రాస్తున్నాను.

వచ్చింది. కొన్నాళ్లకే వచ్చింది.

జనం ఏ మాటలు వెతికి మన పేజీకి చేరుకున్నారో చూపించే సాధనం ఒకటి మాకు ఉంటుంది. అందులో చూశాను. ‘ఉప్పు నీళ్లకు చీనీ మొక్కలు’. ‘చౌడు నేలలో చీనీ తోట’. ‘ఉప్పు బోరుకు ఏ చీనీ’. ఈ మాటలు మడతలో తప్ప పైన ఎక్కడా లేవు. తెలుగులో ఆ సంగతి మీద రాసినవాళ్లు వేరే ఎవరూ పెద్దగా లేకపోవడంతో నా పేజీ అందరికంటే పైన నిలబడింది. కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. ఆఫీసులో అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించాను. మడిచిన మాటకూ విలువ ఉందని నా పేజీతో నేనే తేల్చాను!

ఆ బజ్జీ తింటూ ఉండగానే అర్థమైంది.

ఎవరు వెతుకుతారు, ఉప్పు నీళ్లకు చీనీ అని? బోరులో ఉప్పు నీళ్లు పడ్డవాళ్లు వెతుకుతారు. మంచి నీళ్లున్న రైతు ఆ మాట ఎందుకు వెతుకుతాడు? సెర్చ్ ఇంజిన్ నా మడతలోని హెచ్చరికను చదివి, ఆ హెచ్చరిక ఎవరికి అవసరమో సరిగ్గా వాళ్లనే ఏరి తెచ్చి నా పేజీ ముందు నిలబెడుతోంది. తను చేయాల్సింది తను బాగానే చేస్తోంది. వచ్చినవాళ్లకు మాత్రం పైన పచ్చటి తోట, ఎండలకు తట్టుకునే మొక్కలు, నర్సరీ ఫోన్ నంబరు కనబడుతున్నాయి. ఉప్పు నీళ్ల గురించి అడిగితే ఈ పేజీ వచ్చింది కాబట్టి ఇది ఉప్పు నీళ్లకు పనికొచ్చే మొక్కే అనుకుంటారు. ఎవరైనా అదే అనుకుంటారు. నేనైనా అదే అనుకుంటాను. మడతను ఎంతమంది తెరుస్తున్నారో కూడా చూశాను. తెరిచినవాళ్లు లేరనే చెప్పాలి.

తెరిచిపెట్టడానికి కోడ్‌లో ఒక్క మాట మారిస్తే చాలు. టీ చల్లారేలోపు అయిపోయే పని.

ఎందుకు చేయలేదు? ఈ ప్రశ్న నన్ను నేను అడిగినప్పుడల్లా కొత్త జవాబు వస్తుంది. పరీక్ష మధ్యలో చెడగొట్టకూడదనుకున్నాను. ఇంకో వారం చూద్దామనుకున్నాను. మడత విప్పితే స్థానం పడిపోతుందేమోనని భయపడ్డాను. పెద్దాయన సంతోషంగా ఉన్నాడు, ఆయన చెప్పగా ఇంకో ఇద్దరు సైట్లు కట్టమని నా దగ్గరికి వచ్చారు. ఆ తర్వాత ఒక శిక్షణ తరగతిలో ఆ పేజీని తెర మీద చూపించి పాఠం చెప్పాను. పిల్లలు రాసుకున్నారు. పాఠం అయ్యాక ఇక విప్పలేకపోయాను. విప్పితే, ఇన్నాళ్లూ ఎందుకు విప్పలేదని ఎవరైనా అడుగుతారు కదా. ఎవరూ అడిగేవాళ్లు కాదు. నేను తప్ప ఆ ప్రశ్న అడగగలిగినవాళ్లు లోకంలో లేరు. అదే నాకు గోడ అయింది.

ఇప్పుడు మా చిన్నాన్న సంగతి.

మా నాన్నకు తమ్ముడు ఆయన. వేంపల్లె దగ్గర పల్లెలో సేద్యం. చుట్టుపక్కల ఎవరు ఏం పంట పెట్టాలన్నా ముందు ఆయన్ని అడిగేవాళ్లు. అరుగు మీద కూర్చుని, ఎదుటివాడు చెప్పేదంతా విని, చేలోంచి తెచ్చిన మట్టిని వేళ్ల మధ్య నలిపి చూసి, అప్పుడు నోరు తెరిచేవాడు. మా ఇంట్లో ఆయన మీద ఎన్ని వేళాకోళాలున్నా ఆ విషయంలో మాత్రం ఎవరూ ఎదురు మాట్లాడేవాళ్లు కాదు. వేరుశనగతో విసిగిపోయి కొత్తగా బోరు వేయించాడు. నీళ్లు పడ్డాయి, ఉప్పగా పడ్డాయి.

ఆయన ఒకరోజు ఫోన్ చేశాడు. గొంతులో చిన్నపిల్లాడి గర్వం. “పాపా, ఫోన్‌ను నోటితోనే అడిగినా. ఉప్పు నీళ్లకు చీనీ మొక్కలు యాడ దొరుకుతాయి అంటే మొట్టమొదట అదే వచ్చె. నీ మాదిరి నేను గూడా నేర్చుకున్న్యా చూడు!” మొక్కలు వ్యాన్‌లో వచ్చాయట. నాటడం కూడా అయిపోయిందట.

ఏ నర్సరీ అని నేను అడగలేదు. అడగాల్సిన పని లేదు.

అప్పుడు చెప్పి ఉంటే? మొక్కలు నాటి వారం కాలేదు. పీకి, వేరేవి పెట్టుకునేవాడు. నన్ను తిట్టేవాడు, నవ్వేవాడు, అయిపోయేది. మంచిదే చిన్నాన్నా అన్నాను. మనిషి ఎదురుగా చెబితే బాగుంటుందని, ఊరికి పోయినప్పుడు చెబుదామని అనుకున్నాను. పోయాను కూడా. మొక్కలు గుబురుగా, కళకళలాడుతూ ఉన్నాయి. జంబీరి వేరు కదా, మొదట్లో అలాగే ఉంటాయి. చిన్నమ్మ ఆ బోరు నీళ్లతో కందిబ్యాళ్లు ఉడకడం లేదని, సబ్బు నురుగు రావడం లేదని వాపోతోంది. తాగే నీళ్లు క్యాన్‌లో తెప్పించుకుంటున్నారు. అది విని కూడా, ఏమో, చెట్లకు అంత చెడ్డ నీళ్లు కావేమో అనుకున్నాను. అనుకోవడానికి ఎంత తెలివి ఖర్చుపెట్టానో! చీకటి పడకముందే బస్సు ఎక్కేశాను.

తర్వాత రెండేళ్లు పండగలకూ పబ్బాలకూ ఆ ఊరికి పోకుండా సాకులు వెతికాను. పని ఎక్కువగా ఉందన్నాను. పాపం, వాళ్లు నమ్మారు.

మూడో ఏడు చిన్నాన్నే కడపకు వచ్చాడు. బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చాడు. భుజాన తడి తువ్వాలు, అందులో చుట్టిన చీనీ కొమ్మ. విప్పి బల్ల మీద పెట్టాడు. ఆకుల అంచులన్నీ మాడి ఉన్నాయి. కొమ్మ చివర ఎండిపోయి ఉంది. నా మడతలో నేను రాసిన మాటలు అక్కడ కొమ్మై పడి ఉన్నాయి. చూడగానే గుర్తుపట్టాను.

“నెట్లో చూడు పాపా, దీనికి ఏమి రోగమో” అన్నాడు.

ల్యాప్‌టాప్ తెరిచాను. పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ‘చీనీ ఆకుల అంచులు మాడటం’ అని టైపు చేశాను. ఏది మొదట వస్తుందో చేతులకు ముందే తెలిసినట్టు, వేళ్లు నెమ్మదించాయి. వచ్చింది. ఆ పచ్చటి తోట ఫోటో.

“ఇదే, ఇదే! ఈణ్ణుంచే తెప్పించినా మొక్కలు. కిందికి పోనీ. ఏమన్నా రాసినారేమో.”

కిందికి జరిపాను. ‘మరిన్ని వివరాలు’ అన్న వరుస వచ్చింది. చిన్నాన్న వేలు ముందుకు వచ్చింది. తెరను ముట్టుకుంటే తెరుచుకుంటుందని ఫోన్ అలవాటు ఆయనకు. వేలు ఆ వరుస మీదికి రాబోతుండగా నేను పేజీని పైకి తోసేశాను. ఆ వరుస పోయింది.

“ఏం రాయలేదు చిన్నాన్నా.”

“అట్లయితే నా కాడనే ఏదో తప్పు జరిగింటాది. నీకేమనిపిస్తాది పాపా? సదువుకున్నదానివి.”

ఇక్కడ ఆగాను అప్పుడు. ఇప్పుడు కూడా ఆగాను. రాయాలి.

“నీళ్లు ఎక్కువైనట్టుంది” అన్నాను. “తగ్గించి చూడు.”

ఆయన ఆ మాటను వెంటనే పట్టుకున్నాడు. “మీ చిన్నమ్మ గూడా అదే అనె. శానా పెడతాండావు అని. నేనే ఇనలేదు.” కొమ్మను మళ్లీ తువ్వాలులో చుట్టుకున్నాడు. భోంచేసి పొమ్మన్నాను. పశువులున్నాయి, పోవల్ల అన్నాడు. గుమ్మం దగ్గర నా తల మీద చేయి పెట్టి, “నువ్వుండబట్టి తెలిసె పాపా” అన్నాడు.

మడత విప్పకపోవడం ఒక తప్పు. దానికి నేను ఎన్ని పేర్లయినా పెట్టుకోగలను. ఇది మాత్రం అలా కాదు. ఆయన అడిగాడు, నేను అబద్ధం చెప్పాను. అది కూడా నోటికొచ్చిన అబద్ధం. ఏ ఆలోచనా లేకుండా, ఆ నిమిషం గడిస్తే చాలునని అన్న మాట. కొన్నాళ్ల తర్వాత నర్సరీ పెద్దాయన ఏదో పనిమీద వచ్చినప్పుడు, ఎవరి సంగతో అన్నట్టుగా అడిగాను, ఉప్పు నీళ్లు పారే తోటకు నీళ్లు తగ్గిస్తే ఏమవుతుందని. “ఇంకా తొందరగా పోతాయి మ్మా. నీళ్లు బాగా పారితే ఉప్పు అడుక్కు దిగిపోతాది. తగ్గిస్తే వేరు కాడనే నిలబడిపోతాది” అన్నాడు. అది విన్నాక కూడా చిన్నాన్నకు ఫోన్ చేయలేదు.

అప్పటికే చిన్నాన్న నీళ్లు తగ్గించి చాలా రోజులైంది. నా మాట మీద.

తోట పోయింది. చెట్లు కొట్టించి పొయ్యిలోకి వాడుకున్నారు. నష్టం సంగతి మీకు చెప్పను, అది మీరు ఊహించుకోగలరు. నన్ను తినేసేది వేరే. ఆయన ఇప్పుడు ఎవరికీ సలహా చెప్పడు. ఎవరైనా మట్టి తెచ్చి చూపిస్తే, “నన్నేం అడుగుతావప్పా, నీళ్లెక్కువ పెట్టి తోటనే సంపుకున్నోణ్ణి” అంటాడట. చిన్నమ్మ నలుగురిలో ఆ మాట ఎత్తిపొడుస్తుంది. ఆయన తల ఊపుతాడు. ఒప్పుకుంటాడు. నేను చేసిన తప్పును ఆయన నలుగురిలో ఒప్పుకుంటూ తిరుగుతున్నాడు, నేనేమో నా తరగతుల్లో పాఠాలు చెబుతున్నాను.

తోట పోయాక పేజీ మార్చాను. చాటుగా, ఎవరికీ చెప్పకుండా. మడత తీసేసి, ఉప్పునీళ్ల బోరు ఉన్నవాళ్లు ఈ మొక్కలు కొనవద్దు అన్న మాటను ఫోటో కింద, అన్నిటికంటే పైన పెట్టాను. అలవాటు కొద్దీ కొన్నాళ్లు స్థానం గమనించాను. ఏమీ మారలేదు. అదే మొదటి స్థానం. మడిచినా అంతే, తెరిచినా అంతే. నేను దేన్ని కాపాడుకోవాలని దాన్ని మూసి ఉంచానో దానికి అసలు ఏ ప్రమాదమూ లేదు. పెద్దాయన వ్యాపారం కూడా నడుస్తూనే ఉంది. నాకు ఏడుపు వచ్చింది. ఆ ఏడుపు చిన్నాన్న కోసమో, నా తెలివి ఇంత పనికిమాలినదైనందుకో తేల్చుకోలేకపోయాను.

ఇదంతా ఇలాగే పాతబడిపోతుందనుకున్నాను. మొన్న చిన్నాన్న ఫోన్ చేశాడు.

ఊళ్లో ఎవరో చీనీ పెడతానని వచ్చి, వద్దంటున్నా వినకుండా ఈయన్నే సలహా అడిగారట. అతనికి చూపిద్దామని పాత పేజీ తీశాడట. “పాపా, ఉప్పు నీళ్లోళ్లు ఈ మొక్క కొనొద్దని నెత్తిన్నే రాసిండారే! ఈ మాట అప్పుడుండెనా? ఉండి నేనే సూసుకోలేదా? ల్యాకపోతే ఆ నర్సరీ ఆయన అప్పుడు దాసిపెట్టి, ఇప్పుడు రాసుకున్నాడా? నాకు ఇదొక్కటి తెలిస్తే సాలు. నువ్వు కంప్యూటర్లో పాతది సూడగలవా? ల్యాకుంటే సోమవారం నేనే రాజంపేటకు పోతా. ఆయన్నే నిలబెట్టి అడుగుతా.”

చూసి చెప్తానన్నాను.

ఏం చెప్పాలి? ఉండింది అంటే, ఈసారి నీళ్ల తప్పుకు తోడు కళ్లు మూసుకుని కొన్న తప్పు కూడా ఆయన నెత్తికెత్తుకుంటాడు. లేదు అంటే, ఆ మాట రాయమని నన్ను కూర్చోబెట్టి చెప్పిన పెద్దాయన గుమ్మం ముందుకు పోయి మా చిన్నాన్న ఆయన్ని మోసగాడని అంటాడు. ఆ పెద్దాయన ఊరుకోడు. పేజీ చేసిన అమ్మాయిని పిలిపిస్తానంటాడు. ఎటు తిరిగినా దారి నా దగ్గరికే వస్తుంది. నిజం చెప్పినా వచ్చేది నా దగ్గరికే. మరి సులువైనది నిజమే కదా? ఈ రెండు రోజులుగా ఫోన్ చేతిలోకి తీసుకోవడం, పక్కన పెట్టడం.

దొరికిపోతానన్న భయంతోనే ఇప్పుడు మీ ముందు ఒప్పుకుంటున్నానా? అవును, కొంత అదే. సోమవారం అన్న మాట ఆయన నోటి నుంచి రాకపోతే ఇది రాసేదాన్నా? ఏమో. రాసేదాన్ని కాదేమో. మంచిదాన్నని మీచేత అనిపించుకోవాలని లేదు. మీరు క్షమించడానికి ఇది మీ తోట కాదు. ఆయన క్షమిస్తాడా అంటే, నాకు తెలిసిన చిన్నాన్న ముందు నవ్వుతాడు, తర్వాత చాలాసేపు మాట్లాడడు. ఆ మాట్లాడని సేపును తలుచుకునే ఫోన్ మళ్లీ పక్కన పెట్టేస్తున్నాను.

ఆయనకు చెప్పాల్సిన మాటలు ముందు ఇక్కడ రాస్తున్నాను. నోటికి అలవాటు కావాలి.

ఉండింది చిన్నాన్నా. నువ్వు కొన్న రోజు కూడా ఆ మాట అక్కడే ఉండింది. ఆయన రాయమన్నాడు, నేను మూసిపెట్టాను. మా ఇంట్లో నీ వేలు దాని మీదికి వచ్చినప్పుడు పేజీని తోసేసింది నేనే. నువ్వు నీళ్లు ఎక్కువ పెట్టలేదు. ఎప్పుడూ పెట్టలేదు.

ఇది రాశాక లేచి కిటికీ దగ్గరికి పోయాను. కింద చీనీకాయల బండి ఉంది. ఒకామె కాయలు ఏరి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుని, సంచిలో వేసుకుంటోంది. ఆమె వెళ్లిపోయేదాకా తల తిప్పుకోకుండా చూశాను. చిన్నాన్నకు ఇంకా ఫోన్ చేయలేదు.